వడియాల గుడ్డ మీది చెయ్యి

"ఈ చెయ్యి మీకెక్కడ కనిపించిందమ్మా" అని మల్లేశ్వరరావు మాస్టారు అడిగారు. సూరమ్మ పెన్సిలు కింద పెట్టింది గాని నోరు విప్పలేదు. పోయిన వారం వాళ్ళిద్దర్నీ రాయపూర్ మ్యూజియంలో, పడమటి కిటికీ పక్కన, కుడిచెయ్యి విరిగిన రాతి ఆడమనిషి ముందు అలాగే నిలబెట్టి వచ్చాం.

వెనకటి భాగాలు చూడనివాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పాలి. సూరమ్మ మొగుడు దానయ్య రైల్వేలో గ్యాంగుమనిషి. ఆరంగ్ వైపు లైను పని మీద వెళ్ళి, తోపుడు ట్రాలీ మీంచి పడి చనిపోయాడు. తాగి పడ్డాడని అతని సొంత అన్న, ఆ గ్యాంగుకి మేస్త్రీ అయిన బంగారయ్యే సాక్ష్యం చెప్పాడు. తాగి చచ్చినవాడి పెళ్ళానికి ఉద్యోగం రాదన్నారు. అప్పట్నించి నాలుగేళ్ళుగా ఆమె బంగారయ్య క్వార్టర్లో, తోటికోడలు అన్నమ్మ వంటింట్లో రోజులు వెళ్ళదీస్తోంది. కాలనీ మహిళా మండలి వాళ్ళు పెద్దవాళ్ళకి చదువు చెబుతామంటే వెళ్ళి అక్షరాలు దిద్దుకుంది. చదువు తర్వాత బొమ్మలన్నారు. ఆదివారం వస్తే మాస్టారు ఆ ఆడవాళ్ళని వెంటబెట్టుకుని మ్యూజియానికి తీసుకెళ్ళి విగ్రహాలు గీయిస్తారు. ఆ రాతి ఆడమనిషిని ఆరంగ్ దగ్గర దొరికిందని తెచ్చి మ్యూజియానికి ఇచ్చింది బంగారయ్యే. దొరికినప్పుడే చెయ్యి లేదని చెప్పి మరీ ఇచ్చాడు.

మాస్టారు పెట్టిన నియమం ఒక్కటే. విగ్రహం చుట్టూ పీటలు వేసుకుని కూర్చోవాలి. ఎవరు ఎక్కడ కూర్చుంటే అక్కణ్ణించి కనిపించిందే గీయాలి. వీపు కనిపిస్తే వీపు, మోచెయ్యి కనిపిస్తే మోచెయ్యి. గార్డుగారి భార్య రమణమ్మకి ఎప్పుడూ ముఖం వైపు చోటే కావాలి. సూరమ్మకి మిగిలిందే చోటు. ఆ వారం ఆమెకి మిగిలింది విరిగిన చెయ్యి వైపు.

అసలు సూరమ్మది ముగ్గుల చెయ్యి. బొబ్బిలి దగ్గర పుట్టింటి వాకిట్లో చిన్నప్పట్నించీ పెట్టిన మెలికల ముగ్గులు ఇంకా ఆమె వేళ్ళలోనే ఉన్నాయి. కాగితం మీద కూడా ముందు చుక్కలు పెట్టుకునేది, తర్వాత వాటి చుట్టూ గీత తిప్పేది. ముగ్గులో గీత బయల్దేరిన చోటికే వచ్చి కలవాలి. తెరిచి వదిలేస్తే ఇంటికి మంచిది కాదని వాళ్ళమ్మ వీపు మీద ఒకటి వేసేది. అందుకని సూరమ్మ విరిగిన ముక్కుకి ముక్కు పెట్టేసి, విరిగిన పాదానికి పాదం పెట్టేసి గీత మూసేది. లేనిది గీయొద్దని మాస్టారు ప్రతివారం చెరిపించేవారు. దానయ్య పోయాక అన్నమ్మ ఆమె చేత వాకిట్లో ముగ్గు మాన్పించింది. పొద్దున్నే ఆ చేతి ముగ్గు తొక్కి డ్యూటీకి వెళ్ళడం బంగారయ్యకి ఇష్టం లేదట. చేతిలో మిగిలిపోయిన గీతలన్నీ మ్యూజియం కాగితాల మీద పడుతున్నాయి.

మాస్టారు అడిగింది విని రమణమ్మ మెడ చాచి కాగితంలోకి చూసింది.

"మా సూరమ్మ రాతికి కూడా గాజులు తొడిగిందండీ. తనకి లేవని కాబోలు" అంది.

పక్కనున్న ఇద్దరు ముగ్గురు నవ్వారు. సూరమ్మకి ఇలాంటివి కొత్త కాదు. తల వంచుకుని రబ్బరు కోసం వెతుక్కుంది. మాస్టారు మాత్రం చెరపనివ్వలేదు. మిగతావాళ్ళని పక్క గదిలోకి పంపించేసి, కాగితం చేతిలోకి తీసుకుని కిటికీ వెలుతురులో పట్టుకున్నారు.

"మీరు గీత మూసేస్తారని నాకు తెలుసమ్మా. ఇన్నాళ్ళూ మీరు పెట్టిన ముక్కులన్నీ మీ ఊరి ముక్కులే. ఈ చెయ్యి అలా లేదు. బొటనవేలికీ మధ్యవేలికీ నడుమ మొగ్గ పెట్టారు, బాగానే ఉంది. చిటికెన వేలి కొస ఎగిరిపోయినట్టు ఎందుకు గీశారు? ఊహించి గీసేవాళ్ళు మంచి వేలు గీస్తారు గాని విరిగిన వేలు గీయరు."

సూరమ్మ అప్పుడు చూసుకుంది తను ఏం గీసిందో. నిజమే, చిటికెన వేలు కొస లేదు. మణికట్టుకి మూడు గాజుల వరసలు. గీస్తున్నప్పుడు ఆలోచించి గీయలేదు. చెయ్యి దానంతటది తిరిగింది. ఎక్కడో పట్టుకున్నట్టు, ఎత్తినట్టు, ఆ బరువు అరిచేతికి గుర్తున్నట్టు అనిపించింది. ఆ ఎక్కడో ఏదో మరుక్షణంలో గుర్తుకొచ్చింది. అయినా ఊహించుకున్నానండీ అని అబద్ధం చెప్పింది.

మాస్టారు విగ్రహం దగ్గరికి రమ్మని ముందు ముక్కు చూపించారు. అది విరిగి ఎన్ని తరాలయిందో, నల్లబడి, వేలు పెడితే జారిపోయేంత నున్నగా ఉంది. తర్వాత మణికట్టు చూపించారు. అక్కడ రాయి కొత్త ఇటుక విరిచినట్టు ఎర్రగా, గరుగ్గా ఉంది. ముక్కు విరిగిన కాలంలో చెయ్యి విరగలేదు. మన రోజుల్లోనే, మన మధ్యనున్న వాళ్ళెవరి చేతిలోనో విరిగింది. ఆయన ఆ మాట పైకి అనలేదు, ఇచ్చినాయన మీ బావగారే కదా అని మాత్రం అన్నారు.

వచ్చే ఆదివారం నాగపూర్ నుంచి పెద్ద సాహెబు మ్యూజియం తనిఖీకి వస్తున్నారట. ఆయనకి చూపించడానికి ఆడవాళ్ళ బొమ్మలన్నీ గోడకి పెట్టాలట. పెట్టమంటే దీన్ని పెడతాను, చింపెయ్యమంటే చింపేస్తాను, సంగతేమిటో నాకు చెప్పక్కర్లేదు, మీరు తెలుసుకోండి, అని మాస్టారు ఆ కాగితాన్ని ముఖం గోడ వైపు తిప్పి నిలబెట్టారు.

సూరమ్మ రిక్షా ఎక్కకుండా నడిచే వచ్చింది. ఫాఫాడీ గేటు దగ్గర గూడ్సు బండి వెళ్తుంటే అందరితో పాటు ఆగింది. బండి వెళ్ళిపోయింది, గేటు ఎత్తారు, వెనకాల టాంగావాడు చలో బాయీ అని అరిస్తే గాని ఆమెకి కదలాలని తోచలేదు.

పెరట్లో నులకమంచం మీద బూడిద గుమ్మడి వడియాలు ఎండుతున్నాయి. గుడ్డ ఎగిరిపోకుండా నాలుగు మూలలా బరువులు. రెండు మూలల రెండు ఇటుకలు, ఒక మూల పాత పట్టాల ఇనప ముక్క, నాలుగో మూల ఆ రాయి. బొగ్గు పట్టి నల్లగా ఉంటుంది. మొదట్లో ఒకసారి సూరమ్మ ఇదెక్కడిదని అడిగితే, బొగ్గుల కుప్పలో దొరికింది, రాయి రాయే గదా, అంది అన్నమ్మ. చిన్న గుడి విగ్రహం ముక్కేదో అనుకుని ఊరుకుంది. వడియాలు పెట్టిన ప్రతి రోజూ పొద్దున్న పెట్టింది, సాయంత్రం తీసింది. ఇప్పుడు దాన్ని కొంగుతో తుడిచింది. మూడు గాజుల వరసలు బయటపడ్డాయి. మొగ్గ బయటపడింది. కొస లేని చిటికెన వేలు బయటపడింది. తిప్పి చూస్తే విరిగిన వైపు బొగ్గు అంటని చోట ఎర్రగా ఉంది. ఆమె దాన్ని మళ్ళీ ఎక్కడిదక్కడ పెట్టి, చేతులు కడుక్కుని వంటింట్లోకి వెళ్ళింది.

బంగారయ్య భోజనానికి కూర్చుని ఉన్నాడు. ఆదివారం కనక తీరిగ్గా తింటున్నాడు. అన్నమ్మ విసురుతోంది.

ఆ ఇంట్లో ఒక పద్ధతుంది. తమ్ముడి పెళ్ళాం బావగారితో ఎదురుగా మాట్లాడకూడదు. నాలుగేళ్ళు ఒకే కప్పు కింద ఉన్నా ఆ ఇద్దరి మధ్య మాట అన్నమ్మ మీదుగానే నడిచేది. చారు పోయమంటారా అని సూరమ్మ అన్నమ్మని అడిగేది. మూరెడు దూరంలో కూర్చున్న బంగారయ్య వింటూనే ఉండేవాడు. అయినా అన్నమ్మ మళ్ళీ చెబితే గాని విన్నట్టు కాదు. పొయ్యమను, అని ఆయన అన్నమ్మకి చెప్పేవాడు. పొయ్యమంటన్నారు, అని అన్నమ్మ సూరమ్మకి చెప్పేది. మర్యాద గల ఇల్లని కాలనీలో పేరు.

సూరమ్మ గుమ్మం పక్కన నిలబడింది.

"అక్కా, వడియాల మంచం మీద ఉన్న చెయ్యి ఎక్కడిదో బావగారిని అడుగు."

"ఏ చెయ్యే" అంది అన్నమ్మ.

"అడుగు."

అన్నమ్మ మొగుడి వైపు తిరిగింది. "వడియాల మీద రాయి ఎక్కడిదని అడుగుతంది."

బంగారయ్య ముద్ద ఆపలేదు. "గిట్టి గుట్టలో, కంకర రాళ్ళ మధ్య దొరికిందని చెప్పు."

"గిట్టి గుట్టలో దొరికిందంట."

"మ్యూజియంలో బావగారిచ్చిన బొమ్మకి లేని చెయ్యి అదేనని చెప్పు."

ఈ మాట అన్నమ్మ మొయ్యలేదు. విసనకర్ర కింద పెట్టి, మంచినీళ్ళు తెస్తానని చెంబు పట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. మధ్య మనిషి లేకపోయేసరికి ఆ గదిలో మాట ఆగిపోయింది. ఆయన కంచంలోకి చూస్తూ కూర్చున్నాడు. ఆమె గుమ్మం కేసి చూస్తూ నిలబడింది. అడగాల్సింది ఆమె నోట్లో ఉంది, చెప్పాల్సింది ఆయన నోట్లో ఉంది, మర్యాద మాత్రం చెంబు పుచ్చుకుని పెరట్లోకి వెళ్ళింది. చాలాసేపటికి అన్నమ్మ తడి చేతులతో తిరిగొచ్చి చెంబు ఆయన ముందు పెట్టింది.

బంగారయ్యే ముందు తేరుకున్నాడు. ఇవాళ్టి నుంచి మ్యూజియం ఛుట్టీ, ఇక వెళ్ళొద్దు అని చెప్పమన్నాడు. మొగుడు పోయిన ముండకి బొమ్మలేటి, నలుగురిలో కూర్చోడవేటి, అన్నం పెట్టే ఇంటి మీద ఆరాలేటి అని అడగమన్నాడు. అన్నమ్మ అందులో సగమే చెప్పింది. సూరమ్మ మొత్తం విన్నది.

"అక్కా, ఆయన తమ్ముడు ఆ రోజు నిజంగా తాగేడా అని అడుగు."

అన్నమ్మ మొగుడి వైపు తిరిగింది. నోరు తెరిచింది. మళ్ళీ సూరమ్మ వైపు తిరిగింది.

"నాకు తెలిసిందాన్ని నానెలా అడిగేది సూరీ" అంది.

బంగారయ్య నోరు మూసుకోమన్నాడు. అన్నమ్మ మూసుకోలేదు. అన్నేళ్ళూ ఇద్దరి మాటలు మోసిన మనిషి మొదటిసారి తన మాట చెప్పింది. దానయ్యని ఇంటికి తెచ్చిన రోజు సూరమ్మ స్పృహ తప్పి పడిపోతే, ఆమెకి బదులు దానయ్య నోట్లో బియ్యం గింజలు వేసింది అన్నమ్మే. ముఖంలో ముఖం పెట్టి వేసింది. చొక్కా సారా కంపు కొట్టింది గాని ఆ నోట్లో సారా వాసనే లేదు. ఆ చొక్కా ఉతికిందీ తనే. సారా మెడ మీంచి కిందికి కారలేదు, గుండెల మీద ఒక్కచోట గుమ్మరించినట్టుంది. ఎవరు గుమ్మరించారో ఆ రోజే తెలిసింది. పిల్లలు చిన్నవాళ్ళు, మొగుడు మేస్త్రీ, తల మీద గవర్నమెంటు కప్పు. ఏం చెయ్యమంటావే, అని ఆమె సూరమ్మని అడిగింది.

నాలుగేళ్ళుగా దానయ్య తద్దినానికి వండుతూ సూరమ్మ అతన్ని తిట్టుకుంది. పొయ్యి ముందు కూర్చుని, పొగలో కళ్ళు తుడుచుకుంటూ, తాగుబోతు చచ్చినోడా, నన్ను ఇంకొకరి గుమ్మంలో నిలబెట్టి పోయావని తిట్టుకుంది. కాలనీ ఆడవాళ్ళు తిడుతుంటే కూడా కాదనలేదు. ఆ వండిన పిండాలు కాకులకి పెట్టింది బంగారయ్యే.

ఆమె తిన్నగా నడిచి వెళ్ళి ఆయన కంచం ముందు నిలబడింది. ముసుగు సర్దుకోలేదు. ఆ ముఖంలోకి ఆమె చూడటం అదే మొదలు.

"బావగారూ, మీరే చెప్పండి."

తనని పేరుపెట్టి పిలిచినా బంగారయ్య అంత అదిరేవాడు కాడు. ఇంటిని నిలబెట్టిన పద్ధతే విరిగినట్టయి, జవాబు చెప్పకుండా ఉండటం ఎలాగో తెలియక చెప్పేశాడు. బజారులో ఒక సేఠ్ రాతి బొమ్మ కావాలని అడిగాడట. ఆరంగ్ దగ్గర గిట్టి తవ్వుతుంటే అది బయటపడిందట. దానయ్య వద్దన్నాడట, అమ్మవారేమో అన్నా, ముట్టుకోవద్దన్నాడట. అన్న రమ్మంటే తమ్ముడు రాకుండా ఉంటాడా, గునపం పట్టాడట. పొద్దు వాలే వేళ ట్రాలీ మీదికి ఎక్కిస్తుంటే బొమ్మ జారిందట. వాడి గుండెల మీద పడిందట. పట్టా తగిలి బొమ్మ చెయ్యి విరిగిందట. ఆ వేళప్పుడు లైను మీద ట్రాలీ ఎందుకుందని అడిగితే ఏం చెప్పాలి? తాగి తనే తీసుకుపోయాడని చెప్పక తప్పలేదట. తర్వాత బొమ్మని అమ్మడానికి భయం వేసి, గవర్నమెంటుకి ఇచ్చేస్తే ఎవరికీ అనుమానం రాదని ఇచ్చేశాడట. చెయ్యి మాత్రం ఇవ్వలేకపోయాడు. కొత్తగా విరిగిందని తెలిసిపోతుంది. అమ్మవారి చెయ్యేమోనని పగలగొట్టడానికీ ధైర్యం చాలక బొగ్గుల్లో పడేశాడు.

ప్రతి మాట చివరా అయ్యిందీ అయ్యిందీ అంటున్నాడు గాని చేశాననడం లేదు. సూరమ్మ అంతా విని ఒక్కటే అడిగింది.

"ఆయన వెంటనే పోయారా?"

బంగారయ్య చేతి మీద మెతుకులు ఎండిపోతున్నాయి. ఆ చేత్తోనే కంచం అంచు పట్టుకున్నాడు.

"ట్రాలీ ఒక్కటే ఉంది" అన్నాడు.

సూరమ్మకి వెంటనే అర్థం కాలేదు. అన్నమ్మకీ ఈ ముక్క తెలియదు కాబోలు, ఆమె కూడా ఆయన వైపే చూస్తోంది.

"ట్రాలీ ఒక్కటే ఉంది. ఇద్దర్నీ మొయ్యదు. ఎవడైనా వచ్చి బొమ్మని చూస్తే అందరం జైలుకే. ముందు దాన్ని తీసుకుపోయి స్టేషన్ దగ్గర గోనెల కింద పెట్టి, మళ్ళీ వెళ్ళాను."

"మీరు వెళ్ళేసరికి?"

"అయిపోయింది."

"మధ్యలో?"

ఆమె కదల్లేదు. ఆయన కంచంలోకి చూస్తూ అన్నాడు. "మంచినీళ్ళు అడిగేడంట. వాడి పక్కన కూర్చోబెట్టిన మా గ్యాంగోడు చెప్పేడు."

ఆయన ముందు అన్నమ్మ తెచ్చిన చెంబు నిండుగా ఉంది. ముగ్గురి కళ్ళూ దాని మీదే పడ్డాయి. ఎవరూ ముట్టుకోలేదు.

నెల రోజులుగా ఆదివారం ఆదివారం కూర్చుని ఎంత అందంగా ఉందోనని చూసిన బొమ్మ అది. ఆ నడుము వంపు కాగితం మీద కుదరలేదని నాలుగుసార్లు చెరిపి గీసింది. ముందు దాన్ని పదిలంగా తీసుకెళ్ళారు. దాని మీద గోనెలు కప్పారు. దానికి కిటికీ పక్కన చోటిచ్చారు. దాని కింద బంగారయ్య పేరు రాసి పెట్టారు. ఆమె మొగుణ్ణి గిట్టి మీద వదిలేశారు.

"నాగపూర్ నుంచి సాహెబు వస్తున్నారంట. వచ్చే ఆదివారం ఆ చెయ్యితో సహా నేను గీసిన బొమ్మ గోడ మీద ఉంటుంది" అంది సూరమ్మ.

బంగారయ్యకి అప్పటికి రోషం లేచొచ్చింది. లేచి నిలబడ్డాడు. నీ మాట ఎవడు నమ్ముతాడు అన్నాడు. నేను పోతే ఈ క్వార్టర్ పోతుంది, నీతో పాటు మీ అక్కా పిల్లలూ రోడ్డు మీద పడతారు, అది కావాలా అన్నాడు. తర్వాత నవ్వులాంటిది నవ్వి, అసలు ఆ చెయ్యి లేకపోతే నీది ఒట్టి పిచ్చి గీతే గదే అన్నాడు. నాలుగేళ్ళు అమ్మవారని భయపడ్డవాడు ఒక్క నిమిషంలో భయం మర్చిపోయాడు. మేకుకి తగిలించిన గోనెసంచి లాగాడు. ఖారూన్ నదిలో పడేస్తే అమ్మవారే చూసుకుంటుంది అంటూ ఎంగిలి చేత్తోనే పెరట్లోకి నడిచాడు.

సూరమ్మ అతనికన్నా ముందు పరిగెత్తింది.

నులకమంచం మీద వడియాల గుడ్డ ఒక మూల లేచి గాలికి కొట్టుకుంటోంది. వడియాలు సగం నేల మీదికి దొర్లాయి. రెండు కాకులు వాటి మధ్య తిరుగుతున్నాయి. ఇటుకలు రెండూ ఉన్నాయి. ఇనప ముక్క ఉంది. నాలుగో మూల ఏమీ లేదు.

బంగారయ్య సూరమ్మ చేతుల కేసి చూశాడు. సూరమ్మ ఆయన గోనెసంచి కేసి చూసింది. రెండూ ఖాళీయే. మంచం కిందికి వంగి చూసింది ఆమె. బొగ్గుల కుప్ప కాలితో కెలికాడు ఆయన. తర్వాత ఇద్దరూ ఒక్కసారే వెనక్కి తిరిగారు.

వంటింటి గుమ్మంలో అన్నమ్మ నిలబడి ఉంది.

"ఎక్కడ పెట్టేవే" అన్నాడు బంగారయ్య.

"అక్కా" అంది సూరమ్మ.

అన్నమ్మ ఇద్దరి మధ్యనుంచీ నడిచి వెళ్ళి, కాకుల్ని అదిలించి, నేల మీద చతికిలబడి వడియాలు ఒక్కొక్కటే ఏరి కొంగులో వేసుకోవడం మొదలుపెట్టింది.

"మీరిద్దరూ ఇప్పుడు ఎదురెదురుగా మాటాడుకుంటన్నారు గదా, మాటాడుకోండి" అంది తల ఎత్తకుండా. "మధ్యన మొయ్యడం నాను మానేసేను."